గన్నేరు పూల దీవి

పెరట్లో గన్నేరు చెట్టుంటే పొద్దున్నే పూజకు నాలుగు పూలు కోసుకుంటాం, అంతటితో దాని సంగతి మరిచిపోతాం. కానీ ఆ చెట్టే ఒక ఊరు మళ్ళీ బతికిందనడానికి గుర్తుగా నిలిచిందంటే మీకు ఆశ్చర్యంగా ఉండదూ?

హ్యూస్టన్‌లో కాపురముంటున్న మా ఆడపడుచు కూతురు ఆమధ్య గాల్వెస్టన్ దీవికి షికారు వెళ్ళి ఫొటోలు పంపింది. అందులో 1859 నాటి మేడ ఒకటి ఉంది. దాని చుట్టూ ఉన్న ఇనుప కంచె కిందిభాగం మట్టిలో కూరుకుపోయింది. "కంచె కుంగలేదు అత్తయ్యా, ఊరే పైకి లేచింది!" అని రాసింది. అప్పటినుంచీ ఆ కథేమిటో తెలుసుకోవాలనిపించింది.

అమెరికాలోని టెక్సస్ తీరాన 43 కిలోమీటర్ల పొడవున సన్నగా సాగిన ఇసుక దీవి అది. 1900 నాటికి పత్తి ఎగుమతులతో, సముద్రస్నానాలకు వచ్చేవాళ్ళతో కళకళలాడుతూ ఉండేది. జనాభా సుమారు 38 వేలు. ఊళ్ళోకెల్లా ఎత్తయిన చోటు కూడా సముద్రమట్టానికి 9 అడుగులు లేదు! అదే తీరంలోని ఇండియనోలా 1875లోనూ 1886లోనూ తుపానులకు నాశనమయింది. గోడ కట్టుకుందామన్న మాట ఇక్కడా వచ్చింది గానీ ఎవరూ పట్టించుకోలేదు. పెద్ద తుపాను ఈ ఊరికి హాని చేస్తుందనుకోవడం వట్టి భ్రమ అని వాతావరణ అధికారి ఐజాక్ క్లైన్ 1891లో పత్రికలో రాశారు కూడా.

1900 సెప్టెంబరు 8న ఉప్పెన వచ్చింది. 15 అడుగులకు పైగా లేచిన నీరు దీవినంతా ముంచేసింది. ఆరువేలకు తక్కువ కాకుండా జనం పోయారు. అనాథాశ్రమంలో 90 మంది పిల్లలు, వాళ్ళను విడిచి వెళ్ళని 10 మంది సన్యాసినులు ప్రాణాలు విడిచారు. క్లైన్ గారి భార్య కూడా ఆ రాత్రే పోయింది. 1977 నవంబరులో మన దివిసీమను ముంచిన ఉప్పెన గురించి పెద్దల నోట విన్నవాళ్ళకు ఈ దుఃఖం వేరే చెప్పనక్కర్లేదు.

అయినా మిగిలినవాళ్ళు ఊరు వదల్లేదు. 1904కల్లా 17 అడుగుల ఎత్తున సముద్రపు గోడ కట్టారు. తరవాత రెండువేలకు పైగా కట్టడాలను జాకీలతో పైకెత్తి, వాటి కిందికి సముద్రం అడుగునుంచి తోడిన ఇసుకను నీళ్ళతో కలిపి పంపుచేశారు. మూడువేల టన్నుల చర్చిని సైతం 700 జాకీలతో అయిదడుగులు లేపారు! ఎవరి ఇల్లు లేపడానికి అయ్యే ఖర్చు వాళ్ళదే. 1911 దాకా ఆ పని సాగింది. అన్నాళ్ళూ ఆడవాళ్ళు ఎత్తయిన చెక్కబాటల మీద నడిచి బజారుకు వెళ్ళి వచ్చేవారట.

ఇసుకతోపాటు ఉప్పు కూడా వచ్చింది కదా, చెట్లన్నీ మాడిపోయాయి. అప్పుడు 1901లో ఏర్పడిన మహిళల ఆరోగ్య రక్షణ సంఘంవాళ్ళు నడుం కట్టారు. వేల మొక్కలు నాటించారు. వాటిలో ముఖ్యమైనది ఉప్పుగాలిని తట్టుకునే మన గన్నేరే. అంతటితో ఊరుకోక పాలు, రొట్టెలు అమ్మేచోట్ల శుభ్రత ఉందో లేదో చూసేందుకు తనిఖీలు కావాలని పోరాడారు. ఊరంటే ఇల్లే అనుకున్నారన్నమాట.

1915లో మరో పెద్ద తుపాను వచ్చినప్పుడు గోడ ఊరిని కాపాడింది. మరి భయం తీరిపోయిందా? లేదు. 2008లో ఐక్ తుపానుకు నీరు గోడలేని వెనకవైపునుంచి, అంటే అఖాతం వైపునుంచి ఊళ్ళోకి వచ్చింది. వేల చెట్లు మళ్ళీ చచ్చిపోయాయి.

అందుకే ఇప్పటికీ ఆ తీరాన చాలా ఇళ్ళు స్తంభాల మీదే ఉంటాయి. మామూలు ఇంటి బీమాకు వరద నష్టం వర్తించదు, దానికి వేరే కట్టుకోవాలి. జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం. ఖాళీ చేయమంటే చేతపట్టుకుని పోవడానికి కాగితాలూ మందులూ ఒక సంచిలో సర్ది ఉంచుకోవాలి.

మన తీరప్రాంతపు అక్కచెల్లెళ్ళకూ నేను చెప్పదలచింది ఇదే. గోడ ఉంది కదా అని సంచి విప్పేయకండి. వెళ్ళమన్నప్పుడు వెళ్ళండి, తిరిగి వచ్చాక మొక్క నాటండి. అన్నట్టు, గన్నేరు విషం సుమండీ, పసిపిల్లల నోటికి అందనీయకండి.