దారి చెప్పే బండి

రంప పితూరీకి ముందు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత చాలీచాలని కూలికి రోడ్డు పని చేయించాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడటానికి ఉన్న కారణాల్లో 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో పాటు ఆ రోడ్డూ ఉంది. రోడ్డు పడితే దాని వెంటే తహసీల్దారూ పోలీసూ షావుకారూ వస్తారని కొండకి తెలుసు. ఆ చరిత్ర చదివినప్పుడల్లా నా మనసు తుపాకుల కంటే కాలిబాటల మీదకే పోతుంది. దాదాపు రెండేళ్ళు రాజుని కాపాడినవి ఆ బాటలూ, అవి తెలిసి కూడా నోరు విప్పని మనుషులూ.

ఇప్పుడు ఎవరి దారైనా తెలుసుకోవడానికి మనిషి నోరు విప్పక్కర్లేదు, బండే చెప్పేస్తుంది. కొత్త కార్లు చాలావాటిలో కంపెనీయే అమర్చిన ఒక సిమ్ ఉంటుంది. ఎక్కడ ఉన్నాం, ఎంత వేగంతో వెళ్తున్నాం, ఎంత గట్టిగా బ్రేకు వేశాం అన్నీ సర్వరుకి పంపగలదు. అనంతగిరి ఘాట్‌లో సిగ్నల్ పోతే ఏమవుతుందని స్నేహితులు అడుగుతుంటారు. ఇలాంటి పరికరాలు లెక్కని మెమరీలో దాచుకుని టవర్ తగలగానే పంపేలా రాస్తాం. ఇది నా వృత్తిలో మామూలు సంగతే.

ఆ లెక్క ఎక్కడికి పోతుందో అమెరికాలో 2024లో బయటపడింది. జనరల్ మోటార్స్ కార్ల డ్రైవింగ్ వివరాలు మధ్యవర్తి కంపెనీల ద్వారా బీమా సంస్థలకి చేరుతున్నాయని న్యూయార్క్ టైమ్స్ రాసింది. చాలామందికి తమ ప్రీమియం ఎందుకు పెరిగిందో అప్పుడుగానీ అర్థం కాలేదు.

“మనమే ఇచ్చాం కదా, ఇక మనదేముంది?” అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. ఆ మాటకి జవాబు మన తెలుగు నేల మీద పుట్టిన కేసులోనే ఉంది. స్టాంపు చట్టం 73వ సెక్షన్‌కి ఆంధ్రప్రదేశ్ 1986లో ఒక సవరణ చేసింది. దాని ప్రకారం కలెక్టరు అనుమతించిన ఎవరైనా బ్యాంకుల్లోకి వెళ్ళి ఖాతాదారుల పత్రాలు తిరగెయ్యొచ్చు. హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2004లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. గోప్యత మనుషులది, చోటుది కాదు, కాగితం బ్యాంకులో ఉన్నంత మాత్రాన ఖాతాదారుడి హక్కు పోదు అని అందులో తేల్చింది. కారు కంపెనీ సర్వరుని ఆ బ్యాంకు స్థానంలో పెట్టి చూడండి. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతని ప్రాథమిక హక్కుగా ప్రకటించడానికి పునాది వేసిన తీర్పుల్లో ఇదొకటి.

హక్కు ఉంది సరే, మన ఒప్పుకోలు ఎలా తీసుకుంటున్నారు? 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అడిగే పత్రాన్ని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలుండాలి. ఆ జాబితాలో తెలుగు ఉంది, సంతాలీ ఉంది. అరకు కొండల్లో మాట్లాడే కొండ భాష లేదు, కువి లేదు. కొండ భాషకి భద్రిరాజు కృష్ణమూర్తి 1969లోనే వ్యాకరణ గ్రంథం తెచ్చారు. భాషకి వ్యాకరణం ఉంటే సరిపోదు, షెడ్యూలులో చోటు కూడా కావాలన్నమాట.

ట్యాక్సీల సంగతి ఇంకా తిరకాసు. 2019 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ప్రయాణికుల వాహనాలకి, ఆటోల్లాంటివి మినహా, ట్రాకింగ్ పరికరమూ ఎమర్జెన్సీ బటనూ తప్పనిసరి. రాత్రిపూట ఒంటరిగా ప్రయాణించే మనిషికి ఆ బటను భరోసా, దాన్ని కాదనను. కానీ అరకు స్టేషన్ బయట ట్యాక్సీ పెట్టుకున్న కుర్రాడికి వద్దనే వీలే లేదు. టూరిస్టుగా వెళ్ళిన మనం కనీసం కారు స్క్రీన్ మీద ‘అంగీకరించను’ అన్న మాట ఎక్కడుందో వెతుక్కోవచ్చు. అతని లెక్క ఎన్నాళ్ళు దాస్తారు, ఎవరికి చూపిస్తారు అన్నది అతనికి అర్థమయ్యే భాషలో ఎవరో ఒకరు చెప్పాలి. బాస్టియన్ రోడ్డు వేయించినప్పుడు కూడా కొండవాళ్ళని ఎవరూ అడగలేదు.