దుబాసీ హక్కు ఎవరి పోరాటం?

మా వెంకటాచలం చుట్టుపక్కల కూడా అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి పోయొచ్చే పెద్దవాళ్లు ఉన్నారు. అక్కడ జబ్బు చేస్తే ఇంగ్లీషు రాని ముసలమ్మ డాక్టరుకు ఏం చెప్పుకోవాలి? పోటు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. మాట తప్పితే మందూ తప్పుతుంది. అందుకే ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆస్పత్రి ఫోన్లోనైనా తెలుగు దుబాసీని కలపాలి, రోగి దగ్గర పైసా తీసుకోకూడదు.

ఇది తెల్లవాళ్ల మంచితనం కాదు మిత్రులారా. దీని వెనక నల్లవాళ్ల నెత్తురుంది.

1963లో బర్మింగ్‌హామ్ వీధుల్లో నల్లపిల్లల మీదికి పోలీసులు కుక్కల్ని వదిలారు. మరుసటి ఏడాది పౌరహక్కుల చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఏ సంస్థా జాతి, రంగు, పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపకూడదని అందులోని ఆరో అధ్యాయం చెప్పింది. 1966లో మెడికేర్ మొదలైనప్పుడు, ఆ డబ్బు కావాలంటే నల్లవాళ్లకు విడి వార్డులు ఎత్తెయ్యాల్సిందేనన్నారు. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల కేసులో, భాష అర్థంకాని వాళ్లను పట్టించుకోకపోవడం కూడా ఆ చట్టం కింద వివక్షేనని సుప్రీంకోర్టు తేల్చింది. 2010 ఆరోగ్య చట్టం దీన్ని ఇంకా గట్టిపరిచింది. అత్యవసరమైతే తప్ప పసిపిల్లల చేత అనువాదం చేయించకూడదని 2016 నిబంధనలు చెప్పాయి.

మనవాళ్లకు ఆ దేశపు తలుపులు తెరిచిన 1965 వలస చట్టం కూడా ఆ ఉద్యమ కాలం బిడ్డే. ఆ తలుపుల్లోంచి ముందుగా పోయింది ఎక్కువగా చదువు, భూమి ఉన్న కులాలు. వాళ్లలో కొందరు ఇక్కడ రిజర్వేషన్లను తిడతారు, అక్కడ నల్లవాళ్లను చిన్నచూపు చూస్తారు. తల్లికి దుబాసీ దొరికేది మాత్రం ఆ నల్లవాళ్ల చట్టంతోనే.

గెలిచిన హక్కుకు కాపలా కూడా ఉండాలి. భాషా సహాయం కోసం 2000లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వును 2025 మార్చిలో ట్రంప్ రద్దు చేశాడు. 1964 చట్టం మాత్రం నిలిచే ఉంది.

ఇక మన సంగతి. తెలుగుకు 2008లో ప్రాచీన హోదా వచ్చింది. ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం 2020లో మా వెంకటాచలంలోనే తలుపులు తెరిచింది. సంతోషమే. కానీ ఇదే మండలం దళితవాడ ముసలాయనకు పెద్ద జబ్బొస్తే చెన్నై రైలెక్కాలి. అక్కడ మాట తమిళం, చీటీ ఇంగ్లీషు. ఇంటికొచ్చాక ఏ మాత్ర ఎప్పుడు మింగాలో బడికి పోయే మనవడు కూడబలుక్కుని చదివి చెప్పాలి.

1946లో అంబేడ్కర్, నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకుంటున్న అర్జీ గురించి అడుగుతూ డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. వాళ్ల దారి మనకు పనికొస్తుందని ఆయనకు తెలుసు. మనమూ అడుగుదాం: ప్రతి సర్కారు ఆస్పత్రిలో మందుల చీటీ తెలుగులో ఉండాలి. సరిహద్దు దాటిన రోగికి దుబాసీ ఉండాలి.

జై భీమ్.