బ్రేకులు లేని బండి, పింఛను లేని రౌతు

ఇంగ్లండు ఆటలంటే మనకు క్రికెట్టు, ఫుట్‌బాలు, మహా అయితే వింబుల్డన్ టెన్నిసు. అక్కడి కార్మిక జనం తరాల తరబడి వారం వారం టిక్కెట్టు కొని చూసిన స్పీడ్‌వే అనే మోటారుసైకిలు పందెం గురించి మన పత్రికల్లో రాసినవారు అరుదు. నేను కామర్సు చదివినవాణ్ని, ముప్పై ఏళ్లుగా బ్యాంకు లెడ్జర్ల మధ్య బతుకుతున్నవాణ్ని. అందుచేత ఈ ఆట చరిత్రను జమాఖర్చుల వైపునుంచే చూశాను. ఈ ఆట విషయంలో అదేమంత తప్పుడు దారి కాదు.

ముందు ఆట సంగతి. కోడిగుడ్డు ఆకారంలో ఉండే చిన్న ట్రాకు. నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు, సుమారు ఒక నిమిషంలో పందెం ముగుస్తుంది. మొదటివాడికి 3 పాయింట్లు, రెండోవాడికి 2, మూడోవాడికి 1, ఆఖరివాడికి సున్న. బండి 500 సీసీ, ఒకటే గేరు, ఇంధనం మెథనాలు. బ్రేకులు అసలు ఉండవు. మలుపులన్నీ ఎడమవైపుకే. మలుపులో వెనుక చక్రం బయటికి జారుతూ ఉంటుంది. రైడరు ముందు చక్రాన్ని కుడికి తిప్పి, ఇనుప తొడుగు వేసిన ఎడమ బూటును నేలకు రాస్తూ, ఆ జారుడునే ఆసరాగా చేసుకుని తిరుగుతాడు. జాతరలో మృత్యుకూపం చూసినవారికి ఆ గుండెదడ కొంత తెలుస్తుంది. అయితే అక్కడ వెనకనుంచి తరుముకొచ్చే మరో ముగ్గురు ఉండరు.

ఈ ఆట ఆస్ట్రేలియానుంచి వచ్చింది. 1923 డిసెంబరులో న్యూ సౌత్ వేల్స్‌లోని వెస్ట్ మైట్లండు జాతరలో జానీ హాస్కిన్స్ అనే న్యూజిలాండు మనిషి మొదలుపెట్టాడని ప్రసిద్ధి. కాదనేవారూ ఉన్నారు. బ్రిటన్‌లో మాత్రం 1928 ఫిబ్రవరి 19ని పుట్టినరోజుగా జరుపుకుంటారు. ఆనాడు లండను శివారు ఎపింగ్ అడవిలో, హైబీచ్ దగ్గర కింగ్స్ ఓక్ హోటలు వెనుక పందేలు పెడితే, నిర్వాహకులు అనుకున్నదానికి ఎన్నో రెట్ల జనం విరుచుకుపడ్డారు. అంతకు ముందే 1927 మేలో కేంబర్లీలో పందేలు జరిగాయి గాని, జనం రాని పుట్టినరోజును ఎవరు గుర్తుపెట్టుకుంటారు! 1929 కల్లా లీగులు వెలిశాయి. ఆడవాళ్లూ పాల్గొన్నారు. ఐర్లండునుంచి వచ్చిన ఫే టేలర్ మగవాళ్లతో పోటీపడి గెలిచింది. 1930లో స్త్రీలను నిషేధించి ఆ అధ్యాయాన్ని మూసేశారు.

ఇక డబ్బు సంగతి. చాలాచోట్ల స్టేడియం కుక్కల పందేలవాళ్లది, ఆటను నడిపే ప్రమోటరు అందులో అద్దెదారు. రైడరు జీతగాడు కాడు. పందెంలో దిగినందుకు కొంత, తెచ్చిన ఒక్కొక్క పాయింటుకు ఇంత అని లెక్క. బండి అతనిదే, దాని మరమ్మతూ అతనిదే. ఎముక విరిగితే పాయింట్లు లేవు, పాయింట్లు లేకపోతే రాబడి లేదు. మన ఊళ్లలో గంపగుత్త కూలీలకు ఈ పద్ధతి విడమరచి చెప్పనక్కరలేదు.

లెక్కలు మనిషికి ఎంత అన్యాయం చేయగలవో చూడాలంటే 1936లో వెంబ్లీలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ చూడాలి. ఆస్ట్రేలియానుంచి వచ్చి వెస్ట్ హామ్ జట్టుకు ఆడుతున్న బ్లూయీ విల్కిన్సన్ ఆ రాత్రి తన అయిదు పందేలూ గెలిచాడు. 15కి 15. అయినా మూడోస్థానమే! ముందు దశల్లో సంపాదించిన బోనసు పాయింట్లను చివరి లెక్కలో కలిపారు. మా భాషలో చెప్పాలంటే, ఓపెనింగ్ బ్యాలెన్సు తక్కువ. విల్కిన్సన్‌కు మొత్తం 25, వాన్ ప్రాగ్‌కూ లాంగ్టన్‌కూ చెరి 26. ఆ ఇద్దరికీ మళ్లీ పందెం పెడితే లయొనెల్ వాన్ ప్రాగ్ నెగ్గాడు. విల్కిన్సన్ 1938లో కిరీటం సాధించాడు, పందేలు మానుకున్నాడు. ఇన్ని ప్రమాదాలు తప్పించుకున్న మనిషి 1940లో సిడ్నీలో మామూలు రోడ్డుమీద మోటారుసైకిలు ప్రమాదంలో పోయాడు.

యుద్ధం ముగిశాక స్టేడియాలు కిటకిటలాడాయి. అదే చేటు తెచ్చింది. ప్రభుత్వం వినోదపు పన్ను భారీగా గుంజింది, ఆపై ఇళ్లలోకి టెలివిజను వచ్చింది. వెస్ట్ హామ్ 1955తో మూతపడింది. వెంబ్లీ లయన్స్ జట్టు 1956తో ఆగిపోయింది. ఆటలమీద ఆ పన్ను తీసేసింది 1957లో! రోగి పోయాక మందు తెచ్చిన వైద్యుడి కథ.

అయినా ఆట చావలేదు. 1965లో రెండు లీగులు కలిసి బ్రిటిష్ లీగు ఏర్పడింది. 1964లో తిరిగి తెరుచుకున్న వెస్ట్ హామే మొదటి ఏడు విజేత. ఆ రోజుల్లో ఆటను మోసినవారిలో పరాయి గడ్డలనుంచి వచ్చినవారే ఎక్కువని నాకనిపిస్తుంది. న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ అనే ఒక్క ఊళ్లో పెరిగిన ముగ్గురు, రానీ మూర్, బ్యారీ బ్రిగ్స్, ఐవన్ మాగర్, కలిసి 12 ప్రపంచ కిరీటాలు గెలిచారు. మాగర్ 1957లో భార్యతో సహా ఓడెక్కి వచ్చి, వింబుల్డన్ ట్రాకులో పనులు చేస్తూ నిలదొక్కుకోలేక తిరిగి వెళ్లిపోయాడు. 1963లో మళ్లీ వచ్చాడు. 1968, 1979 మధ్య ఆరుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. ఊరుగాని ఊళ్లో మొదట ఓడి, మళ్లీ బయలుదేరి వచ్చిన మనిషి విలువ మనబోటివాళ్లకు తెలుస్తుంది.

పేరు దక్కనివారి సంగతి వేరు. 1970 జులై 14న వెస్ట్ హామ్ మినీబస్సు బెల్జియంలోని లోకరెన్ దగ్గర ప్రమాదానికి గురైంది. నలుగురు రైడర్లు, మేనేజరు ఫిల్ బిషప్ మరణించారు. బిషప్ హైబీచ్ తొలితరం రైడరు, పడటంలో మొనగాడని పేరు మోసినవాడు. ఏళ్ల తరబడి ట్రాకుమీద పడి లేచినవాణ్ని బస్సు ప్రయాణం తీసుకుపోయింది. మెడ ఎముక విరిగిన కోలిన్ ప్రాట్ బతికి బయటపడ్డాడు గాని మళ్లీ బండెక్కలేదు. ఆయన మేనేజరుగా, ప్రమోటరుగా దశాబ్దాలపాటు ఆటలోనే ఉండి 2021లో కన్నుమూశాడు. అందరికీ అలాంటి రెండో బతుకు దొరకలేదు.

1993లో బ్యాంకు ఉద్యోగులకు పింఛను ఒప్పందం కుదిరిన రోజుల్లో నేను కొత్త గుమాస్తాను. పెద్దవాళ్లు అంత సంబరం ఎందుకు పడుతున్నారో అప్పుడు అర్థం కాలేదు. పాయింటు లెక్కన బతికిన మనిషికి అరవై ఏళ్లు వస్తే ఏమిటన్న ప్రశ్నకు స్పీడ్‌వే యజమానులెవరూ జవాబు చెప్పలేదు. జవాబు రైడర్లూ అభిమానులే వెతుక్కున్నారు. దెబ్బతిన్నవారికోసం సహాయనిధి ఒకటి ప్రేక్షకుల విరాళాలతో నడుస్తోంది. తొలినాటి రైడర్లు 1957లో ఒక సంఘం పెట్టుకున్నారు. 2007లో బ్రాక్స్‌బోర్న్‌లో స్పీడ్‌వే మ్యూజియం తెరిచారు, అదీ ఒక జంతు ప్రదర్శనశాల ఆవరణలో.

వెస్ట్ హామ్ స్టేడియం 1972లో శాశ్వతంగా మూతపడింది. ఓడరేవు కూలీలు శబ్దంతో హోరెత్తించిన ఆ కస్టమ్ హౌస్ స్థలంలో ఇప్పుడు ఇళ్లున్నాయి. వీధుల పేర్లు మాత్రం విల్కిన్సన్ రోడ్డు, యంగ్ రోడ్డు, క్రూంబ్స్ రోడ్డు, అట్కిన్సన్ రోడ్డు. అందరూ ఆ జట్టు రైడర్లే. ఒకప్పుడు ఆ జట్టును నడిపిన హాస్కిన్స్ పేరు మాత్రం ఒక చిన్న సందుకు పెట్టారు.