బంగారానికీ తగరానికీ పడనప్పుడు

పాత బస్తర్ జిల్లాలో తోంగ్‌పాల్, కాటేకల్యాణ్ వైపు (ఇప్పుడవి సుక్మా, దంతెవాడ జిల్లాలు) వెళ్తే, ఆదివాసులు వాగుల పక్కన కంకర తవ్వి నీళ్లలో కడగడం మీరు చూడవచ్చు. తేలిక ఇసుక కొట్టుకుపోయి, నల్లని బరువైన రేణువులు అడుగున మిగులుతాయి. అది కాసిటరైట్, అంటే తగరపు ఖనిజం. మామూలు ఇసుక కంటే సుమారు రెండున్నర రెట్లు బరువు. మన దేశంలో ఈ ఖనిజం ఉత్పత్తి దశాబ్దాలుగా ఇక్కడిదే. దాన్ని రాష్ట్ర ఖనిజ సంస్థ వారి దగ్గర కిలోల లెక్కన కొంటుంది.

దీనికీ కంప్యూటర్ మెమరీకీ ఏమిటి సంబంధం అంటారా? 1990లలో ఎందరినో ఏడిపించిన ఒక చిక్కు ఈ లోహం దగ్గరే మొదలైంది.

అంతకు ముందు మెమరీ పెంచడమంటే చిప్పులను విడివిడిగా సాకెట్లలో గుచ్చడమే. 64 కిలోబైట్లకు 9 చిప్పులు, ఒక్కొక్కదానికి 16 కాళ్లు. ఒక్క కాలు వంగినా పని ఆగిపోయేది. 1983లో అమెరికాలోని వాంగ్ లేబొరేటరీస్ ఈ చిప్పులన్నిటినీ ఒక చిన్న పలకపై అమర్చింది. అదే సిమ్. మొదటి రకానికి 30 స్పర్శ బిందువులు, తర్వాతి దానికి 72. 30 బిందువుల సిమ్ ఒకసారికి 8 బిట్లే ఇస్తుంది. అందుకే 32 బిట్ల 386డిఎక్స్‌కు ఒకే రకంవి నాలుగు కావాలి. 64 బిట్ల పెంటియమ్‌కు 72 బిందువులవి జతగా పెట్టాలి. 60 నానోసెకన్ల సిమ్ పక్కన 70ది పెడితే, నడక 70కి తగ్గించుకోవాలి. ఇంతవరకు చిక్కు లేదు.

చిక్కల్లా అంచు పూతలో ఉంది. కొన్ని సిమ్‌లకు బంగారు పూత, కొన్నిటికి తగరపు పూత. సాకెట్లూ అంతే. "బంగారం మంచిదే కదా!" అని తగరపు సాకెట్లో బంగారు సిమ్ దూర్చినవారు చాలామంది. మీరైనా అదే చేసేవారు.

తగరం పైన ఎప్పుడూ పలచని ఆక్సైడ్ పొర ఉంటుంది. అది గట్టిది, పెళుసు. కింది లోహం మెత్తన. తగరాన్ని తగరంతో గట్టిగా నొక్కితే ఆ పొర పగిలి, శుభ్రమైన లోహాలు కలుస్తాయి. బంగారంతో అలా కాదు. కంప్యూటర్ వేడెక్కి చల్లారినప్పుడల్లా స్పర్శ బిందువులు కంటికి కనబడనంతగా కదులుతాయి. ఆ రాపిడికి తగరం కొంచెం కొంచెంగా ఊడి గట్టి బంగారానికి అంటుకుని, ఆక్సీకరణం చెందుతుంది. కొన్ని నెలలకు అక్కడ విద్యుత్తును అడ్డే పొర పేరుకుంటుంది. సిమ్ తీసి శుభ్రం చేస్తే బాగవుతుంది, మళ్లీ మొదలవుతుంది. చిప్పు చెడిందనుకుని మంచి సిమ్‌లు పారేసినవారూ ఉన్నారు!

నష్టం ఎంతటిది? కంప్యూటర్‌లో 3 అనే అంకె 00110011, 7 అనే అంకె 00110111. తేడా ఒక్క బిట్. అది తిరగబడితే మార్కుల జాబితాలో 35 వచ్చిన విద్యార్థికి 75 పడుతుంది. తొమ్మిదో బిట్, అంటే పారిటీ, ఉన్న సిమ్‌లలో యంత్రం వెంటనే ఆగి తప్పు చూపేది. డబ్బు మిగుల్చుకోవాలని పారిటీ లేనివి కొన్నవారికి తప్పు జరిగిందనే తెలియదు. నా దృష్టిలో ఆ పొదుపు శుద్ధ దండుగ.

తర్వాత 168 బిందువుల డిమ్‌లు వచ్చాయి. బంగారు పూత మామూలైంది. తన వేగమేమిటో చెప్పే చిన్న చిప్పును కూడా పలకపైనే పెట్టారు. వేర్వేరు వేగాలవి కలిపినా కంప్యూటర్ సాధారణంగా అన్నిటినీ నిదానమైన దాని వేగంతో నడుపుతుంది. డిడిఆర్3, డిడిఆర్4లనైతే కలపలేరు. వాటి గాడి చోటే వేరు.

అంచున పోయినా, తగరం పలక మీద నుంచి పోలేదు. చిప్పులను అతికించే సోల్డర్‌లో ఒకప్పుడు 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉండేవి. 2006 జూలై నుంచి ఐరోపా సీసంపై నిషేధం అమలు చేశాక, ఎక్కువగా వాడే సోల్డర్‌లో తగరం 96 శాతం దాటింది.