దాటాల్సింది పదిన్నర మీటర్లే

టేపు ఒక కొస మీ చేతికిస్తారు.

"గట్టిగ పట్టు బిడ్డా. ఇడిస్తే సుట్టుకుంటది," అంటాడు పెద్దాయన. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. రెండో కొస పట్టుకుని ప్రహరీ గోడ దాకా వెనక్కి నడుస్తాడు. సాయంత్రం ఆరున్నర. హైదరాబాద్ పడమటి అంచు. మియాపూర్ దాటి లింగంపల్లి వైపు పోయే హైవే పక్కన, ఫుట్‌పాత్ అంచున గొంతుక్కూర్చుని ఉన్నారు మీరు. వీపు వెనక నుంచి 218 బస్సు దూసుకుపోతుంది. ఆ గాలికి చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. పళ్ల మధ్య ఇసుక కరకరమంటుంది.

"మీటరు ఎనభై!" అని అరుస్తాడాయన. నోట్‌బుక్కు పట్టుకున్న ఇంటర్ అమ్మాయి రాసుకుంటుంది. అడ్డం లేకుండా నడవడానికి కనీసం అంత జాగా ఉండాలన్నది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన లెక్క. అంటే కాగితం మీద ఈ ఫుట్‌పాత్ పాసైంది.

లేచి నడవండి. పది అడుగులు వేయగానే ట్రాన్స్‌ఫార్మర్. కంచె పోను మిగిలిన సందు మీ భుజాలకు చాలదు. పక్కకు తిరిగి, కడుపు లోపలికి లాక్కుని దూరతారు. తర్వాత షాపు ముందు వరసగా బైకులు. తర్వాత మిర్చి బజ్జీల బండి. తర్వాత ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు కార్ల కోసం పోసుకున్న సిమెంటు ర్యాంపు. అక్కడ ఫుట్‌పాత్ తెగిపోయి, అవతల మళ్లీ గట్టుగా లేస్తుంది. టేపు పెట్టి చూడండి. ముప్పై సెంటీమీటర్లు దాటింది. పదిహేనుకు మించకూడదు. మీ వెనకే వస్తున్న ముసలామె ఆ గట్టు వంక చూస్తుంది. మోకాలి మీద చెయ్యి వేసుకుంటుంది. ఏమీ అనకుండా రోడ్డు మీదకు దిగిపోతుంది.

మీరూ దిగుతారు. ఇంకేం చేస్తారు?

"బజ్జీల బండి తీసెయ్యమని అర్జీలో రాద్దాం," అంటాడొక కుర్రాడు. ఇళ్లల్లో పనిచేసే అక్క ఒప్పుకోదు. "ఆ బండి లైటున్నదని రాత్రి ఎనిమిదింటికి ఈ తొవ్వల నడుస్తున్న. అది పోయిందంటే మిగిలేది కుక్కలు, చీకటి." ఆమె మాటే సరైంది. ఫుట్‌పాత్ బాగుచేస్తామంటూ ముందు బండివాళ్లను తరిమి, కార్ల ర్యాంపుల జోలికి పోకుండా చేతులు దులుపుకోవడం మనకు కొత్త కాదు. మీరు నోట్‌బుక్కు తీసుకుని బండి దగ్గర "కాస్త పక్కకు జరపాలి" అని రాస్తారు. ర్యాంపు దగ్గర "తీసేయాలి" అని రాసి కింద గీత కొడతారు.

ఇప్పుడు రోడ్డు దాటాలి.

అవతలి బస్టాపు కళ్లెదురుగానే ఉంది. బోర్డు మీద అక్షరాలు కూడా చదవగలరు. సిగ్నల్ కోసం వెతుకుతారు. లేదు. నగరంలో చాలా కూడళ్లలో సిగ్నళ్లు ఎత్తేసి, డివైడర్ మూసేసి, ముందుకెళ్లి యూటర్న్ తీసుకోమన్నారు. బండ్లు ఆగకుండా సాగిపోవాలని ఆలోచన. సాగిపోతున్నాయి. కానీ ఎర్రలైటు పడినప్పుడు నడిచేవాడికి దొరికే ఆ కాస్త వ్యవధి కూడా దాంతోపాటే పోయింది.

మీకు రెండు దారులు. యూటర్న్ దాకా నడవొచ్చు. అక్కడా ఎర్రలైటు ఉండదు, పైగా తిరిగే బండ్లు ఎటు నుంచి వస్తాయో తెలీదు. లేదంటే ఇక్కడే, డివైడర్ కడ్డీలు వంచి జనం చేసుకున్న సందు. బడి పిల్లలు, డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డులు, కూరగాయల సంచులతో ఆడవాళ్లు అందరూ ఆ సందులోంచే. మీరూ అటే తిరుగుతారు.

మూడు వరసలు. ఒక్కో వరస మూడున్నర మీటర్లు. మొత్తం పదిన్నర. మామూలు నడకకు తొమ్మిది సెకన్లు పడుతుంది, ముసలామెకు పదమూడు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు తొమ్మిది సెకన్లలో నూటయాభై మీటర్లు వస్తుంది. అదిగో, పెట్రోల్ బంకు ముందు మిణుకుమంటున్న ఆ రెండు లైట్లు. మీరు డివైడర్ ఎక్కేలోపు అవి ఇక్కడుంటాయి.

చూసి బ్రేకు వేస్తాడులే అనుకుంటున్నారా? ఇందాక కాలనీ సందులో పెద్దాయన ముగ్గుపిండితో గీతలు గీసి చూపించాడు. ముప్పై వేగంలో ఉన్న కారు, డ్రైవర్ మిమ్మల్ని చూశాక ఆగడానికి పదమూడు మీటర్లు తీసుకుంటుంది. ఆ గీత మూడో ఇంటి గేటు దగ్గర పడింది. అరవైకి గీత గీయడానికి ఆయన నడుస్తూ, నడుస్తూ సందు మలుపు దాకా వెళ్లాడు. ముప్పై ఏడు మీటర్లు. అందులో దాదాపు సగం, కాలు బ్రేకు మీదకు చేరే ఆ ఒక్క సెకనులోనే ఖర్చయిపోతుంది. మిగిలింది టైర్లు ఒరుసుకుంటూ ఆగే దూరం. వేగం రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది.

"నడువుండ్రి. ఉరకొద్దు," అంటాడు పెద్దాయన.

మీ కుడిపక్కన పనిచేసే అక్క. ఆమె రోజూ దాటుతుంది. ఎడమపక్క వాచ్‌మన్, సైకిల్ చేత్తో నెట్టుకుంటూ. సైకిల్ వెనక టిఫిన్ డబ్బా.

మొదటి వరస. ఆటో. పోనిచ్చారు. అడుగు వేశారు.

రెండో వరస. బస్సు వస్తోంది. డ్రైవర్ మిమ్మల్ని చూశాడు. ఆపాడు. చెయ్యి ఊపి దాటమంటున్నాడు. గుండె కుదుటపడుతుంది. ముందుకు కదిలారు.

మూడో వరస.

బస్సు అడ్డం. దాని వెనక ఏముందో కనపడదు.

"ఆగు!"

అక్క మీ చెయ్యి లాగింది. బైకు. బస్సు పక్క నుంచి. హారన్ లేదు. అద్దం మీ సంచికి తగిలింది. పోయింది.

నోరు ఎండిపోయింది. కాళ్లలో వణుకు.

మీకు దారిచ్చిన బస్సే మిమ్మల్ని బైకువాడి కంట పడకుండా దాచింది. రోడ్డు ఇంజనీర్లకు ఇది బాగా తెలిసిన ప్రమాదం. అందుకే జీబ్రా గీతలకు వెనగ్గా, కొన్ని మీటర్ల దూరంలో బండ్లు ఆగాల్సిన గీత వేయాలంటారు. ఆ ఎడం ఉంటే పక్క వరసలో వచ్చేవాడు మనిషిని చూస్తాడు. ఇక్కడ జీబ్రా గీతలే చెరిగిపోయి ఉన్నాయి.

డివైడర్ మీద నిలబడ్డారు. రెండు వైపులా గాలి. 2022లో దేశంలో రోడ్ల మీద చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది కాలినడకన పోయేవాళ్లేనని నోట్‌బుక్కు మొదటి పేజీలో అమ్మాయి ఎర్ర పెన్నుతో రాసింది. రోజుకు తొంభై మంది. వాళ్లలో ఎంతమంది ఇట్లా సగం దాటి నిలబడ్డారో.

ఇంకో సగం ఉంది. ఈసారి అందరూ ఒక్క వరసలో నిలబడతారు. పెద్దాయన చివర, వచ్చే బండ్లకు ఎదురుగా. అరచెయ్యి చాచి పట్టుకున్నాడు. మీరూ చాపండి. సిగ్గుపడకండి. మీరు అడుక్కోవడం లేదు. సిగ్నల్ లేని క్రాసింగ్ దగ్గర దాటేవాళ్లకు బండి దారివ్వాలని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. అడుగు. ఇంకో అడుగు. కారొకటి వేగం తగ్గిస్తుంది. దాని పక్కది కూడా. ఎవడో హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. ముసలామె తన నడక తాను నడుస్తుంది. ఎవరూ ఆమెను తొందరపెట్టరు.

అవతల టీ కొట్టు. గ్లాసు పట్టుకుంటే వేళ్లు ఇంకా కుదురుగా లేవు. ఒకాయన ఫోనులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వేసిన సైకిల్ ట్రాక్ ఫొటో చూపిస్తాడు. 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల కప్పు. 2023 అక్టోబర్‌లో మొదలైంది. ఎండ పడదు, కరెంటూ వస్తుంది. చూడముచ్చటగానే ఉంది. వాచ్‌మన్ తొంగి చూస్తాడు. "బాగున్నది సార్. కార్ల మీద సైకిళ్లు కట్టుకొని ఆడికి పోతరు తొక్కనీకి. నేను సైకిల్ మీద డ్యూటీకి పోత. నాకు గీడ కావాలె."

అర్జీ బల్ల మీదకు వస్తుంది. అడ్డాలు లేని ఫుట్‌పాత్ మనిషి హక్కేనని, అది రాజ్యాంగం 21వ అధికరణం కిందకే వస్తుందని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పిన మాట పైనే రాశారు. కింద మొదటి డిమాండు: ఫుట్ ఓవర్ బ్రిడ్జి.

పెన్ను మీ దాకా వచ్చింది. సంతకం పెడతారా?

సగం మందికి బ్రిడ్జే కావాలి. అది కంటికి కనపడుతుంది, దాని మీద శిలాఫలకం వేయొచ్చు. మీరు ముసలామె వైపు తిరుగుతారు. లారీలు పోవడానికి కింద అయిదున్నర మీటర్ల ఎత్తు వదలాలి. మెట్టుకు పదిహేను సెంటీమీటర్లు వేసుకున్నా ముప్పై ఏడు మెట్లు. ఎక్కాలి, మళ్లీ అన్నీ దిగాలి. వాచ్‌మన్ సైకిల్ భుజాన వేసుకోవాలి.

"లిఫ్టు పెడతరంట కదా," అంటారెవరో.

"పెడతరు. నడువది," అంటుంది ముసలామె. కొట్టు ముందు అందరూ నవ్వుతారు.

మీరు "ఫుట్ ఓవర్ బ్రిడ్జి" కొట్టేస్తారు. పైన రాయడం మొదలుపెడతారు: బటన్ నొక్కితే బండ్లకు ఎర్రలైటు పడే పెలికాన్ సిగ్నల్. ముసలామె నడకకు సరిపడా పదమూడు సెకన్లు, పైన ఇంకో రెండు. ఆగే గీత వెనక్కి. దాటే చోట రోడ్డును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపాలి, బండి దానంతటదే నెమ్మదిస్తుంది. రోడ్డంచున సైకిల్‌కు వేరే దారి, మధ్యలో గట్టుతో. రంగు పూసి వదిలేస్తే అది పార్కింగ్ అయిపోతుంది.

సంతకాలు అయ్యాయి. సోమవారం ప్రజావాణి, అధికారులు అర్జీలు తీసుకునే రోజు. ఒక్కరు పోతే రసీదు ఇచ్చి పంపిస్తారు, పదిమంది పోతే కుర్చీ వేసి వింటారని పెద్దాయన అనుభవం. వాచ్‌మన్‌కు ఆ రోజు డ్యూటీ. పనిచేసే అక్కకు నాలుగిళ్లు. అమ్మాయికి పరీక్ష.

"నీకు సెలవు దొర్కుతదా బిడ్డా?" పెద్దాయన టేపు చుట్టడం ఆపి మిమ్మల్నే అడుగుతున్నాడు.