తెరను చదువుట, పాఠమును చదువుట: కమాండులైను చరిత్రలో ఒక విచారణ

అంధులు కంప్యూటరును వాడుకొన్న చరిత్రను గూర్చి ఒక మాట తరచుగా వినవచ్చును. తెరపై అక్షరములు తప్ప బొమ్మలు లేని కాలము వారికి స్వర్ణయుగమనియు, చిత్రమయమైన విండోస్ వచ్చినతోడనే ఆ యుగము ముగిసినదనియు దాని తాత్పర్యము. ఇందు సత్యము కొంత కలదు; అంతయు సత్యము కాదని మా అభిప్రాయము. అక్షరములు అందుట వేరు, పాఠము అందుట వేరు. తాళపత్ర ప్రతులతో పరిచయము గలవారికి ఈ భేదము క్రొత్తది కాదు. పదముల నడుమ ఎడము లేని ఆకును ఒక్క అక్షరము జారవిడువక చదివియు అర్థమును చెడగొట్టుకొనవచ్చునని మన మెరుగుదుము.

మొదట ఆ తెర స్వరూపమును తెలిసికొనవలెను. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరునందు డాస్ తెరకు వాడుకగా 25 పంక్తులు, పంక్తికి 80 గళ్లు. వెరసి 2000 గళ్లు. ప్రతి గడికిని జ్ఞాపకస్థానములో రెండు బైట్లు ఉండెను: ఒకటి అక్షరసంకేతము, రెండవది దాని రంగు. కావున తెరపై ఏమున్నదో తెలియుటకు కంటితో పని లేదు. ఆ స్థానమును చూచి, అందున్నదానిని కృత్రిమవాక్కు పలుకు యంత్రమునకు అందించు ప్రోగ్రాము చాలును. ఐ.బి.ఎం. పరిశోధనాలయమున జిమ్ థాచర్ అను గణితజ్ఞుడు, అంధుడైన జెస్సీ రైట్‌తో కలసి 1980వ దశకపు నడుమ ఇట్టి ప్రోగ్రామును నిర్మించెను. రైట్ ఒకప్పుడు థాచర్ సిద్ధాంతవ్యాసమునకు పర్యవేక్షకుడు. దానికి పెట్టిన ‘స్క్రీన్ రీడర్’ అను విశేషనామమే పిమ్మట ఆ జాతి ప్రోగ్రాముల కెల్ల సామాన్యనామమైనది. డాస్ కొరకు ‘జాస్’ 1989లో వచ్చినది.

చిక్కంతయు ఆ పేరులోనే కలదు. అది తెరను చదువును. తెరపై నున్న విషయమును కాదు. యూనిక్సునందు ఫైళ్ల పేర్లు చూపుటకు ‘ఎల్ ఎస్’ అను ఆదేశము కలదు. దాని ఫలితము నిలువు వరుసలుగా అమరి, అక్షరక్రమము పైనుండి క్రిందికి సాగును. స్క్రీన్ రీడరు అడ్డముగా చదువుటచే వినువానికి క్రమము చెదరిన పట్టిక చేరును. అనుభవజ్ఞులు ఆదేశమునకు అడ్డుగీతను, ఒకటి అంకెను చేర్చి, పేరునకొక పంక్తిగా వ్రాయించుకొందురు. ఈ ఉపాయము తెలియని క్రొత్తవాడు దోషము తన వినికిడిలో నున్నదని భ్రమపడును. తప్పును ఎరుపురంగుతో మాత్రమే సూచించినచో ఆ సూచన వినబడకయే పోవచ్చును. ఇటీవలి ప్రోగ్రాములు పని ఎంతవరకు సాగినదో తెలుపుటకు ఒకే పంక్తిని మరల మరల తిరుగవ్రాయుచున్నవి. కన్ను దానిని కదలికగా గ్రహించును, చెవికి అది ఎడతెగని గొణుగుడు. కావున బొమ్మలు విండోస్‌తోనే ప్రవేశించినవనుట పొరపాటు. అక్షరములతో గీసిన బొమ్మలు అంతకు ముందునుండియు ఉన్నవి.

ఈ చిక్కును మూలముననే పట్టినవాడు టి. వి. రామన్. పదునాలుగవ ఏట చూపు కోల్పోయిన ఈయన బొంబాయి ఐ.ఐ.టి.లో చదివి, కార్నెల్ విశ్వవిద్యాలయమున 1994లో గణితగ్రంథములను శ్రవ్యముగా వెలువరించు ‘యాస్టర్’ పద్ధతిపై సిద్ధాంతవ్యాసము సమర్పించెను. యాస్టర్ అనునది ఆయనకు దారిచూపిన శునకము పేరు కూడ. 1995లో ఆయన ‘ఈమాక్‌స్పీక్’ వెలువడినది. ఈమాక్స్ అను సంపాదక ప్రోగ్రాములో పంచాంగము వంటి క్యాలెండరు కలదు. తెరను చదువు ప్రోగ్రాము దానిని చదివినచో వరుసగా అంకెలు మాత్రమే వినబడును. ఏ అంకె ఏ వారమునకు చెందినదో తెలియదు. ఈమాక్‌స్పీక్ అట్లు చదువక, సూచిక నిలిచిన దినమును వారము, నెల, తేదీ, సంవత్సరములతో పలుకును. ఇది సాధ్యమగుటకు కారణము ఈమాక్స్‌లోని ‘అడ్వైస్’ అను సౌకర్యము: ఒక ఆదేశమూలమును ముట్టక, అది ముగిసినపిదప మరియొక పని జరుగునట్లు జోడించుట. మూలమును మార్చక వ్యాఖ్య వ్రాయు మన సంప్రదాయమునకు ఇంతకంటె దగ్గరి ఉపమానము మాకు తోచలేదు. అయినను ఈ వ్యాఖ్య ఈమాక్స్ గడప దాటదు. దానిలో నడువని ప్రోగ్రాములకు మరల తెర చదువుటయే గతి.

ఆ గతిని లినక్స్ కన్సోలుపై సుగమము చేసినది ‘బి ఆర్ ఎల్ టి టి వై’. 1995లో మొదలైన ఈ ప్రోగ్రాము తెరజ్ఞాపకమును చదివి, వ్రేలిక్రింద చుక్కలు లేచు బ్రెయిలీ పలకపై చూపును. ఇచ్చట తెలుగునకు నేరుగా సంబంధించిన ఒక విషయము కలదు. ఆ కన్సోలునకు ఒకేసారి 512కు మించిన అక్షరరూపములకు చోటు లేదు. గుణింతములు, ఒత్తులు గల మన లిపి అందు ఇముడదు. అంతటితో ఆగినచో అది కంటికి మాత్రమే కలిగిన లోపమయ్యెడిది. కాని కెర్నెలు వచ్చిన యూనికోడు అక్షరమును రూపసంఖ్యగా మార్చి, ఆ సంఖ్యనే నిలుపుకొనుచుండెను. రూపము దొరకనిచో సాధారణముగా ప్రశ్నార్థకమును నిలిపి, అసలు అక్షరమును పారవైచుచుండెను. వ్రేలికి రూపముతో పని లేదు. ‘క’ యనిన తెలుగుననైనను హిందీననైనను భారతీ బ్రెయిలీలో 1, 3 చుక్కలే. అయినను కంటికి రూపము లేదను కారణమున వ్రేలికి అక్షరము దక్కలేదు. చూపున్నవారి లోపము చూపులేనివారికి అకారణముగా సంక్రమించుట యనగా ఇదియే.

ఈ దోషమును 2018లో నికొలస్ పీత్ర్ సవరించెను. ఈయన బి ఆర్ ఎల్ టి టి వై నిర్మాతలలో ఒకడు. ఆ ఏటి కెర్నెలు 4.19 నుండి రూపసంఖ్యతోపాటు మూలాక్షరసంకేతమును గూడ నిలుపుకొనుటకును, దానిని వేరుగా చదువుటకును మార్గమేర్పడినది. తెరపై మార్పేమియు కానరాదు. ప్రశ్నార్థకము ప్రశ్నార్థకముగనే యుండును. దానిని తడుముకొను వ్రేలికి మాత్రము ‘క’ అందుటకు వీలు కలిగినది.