తెర తొలగిన తొలి గడియ

చూచిన నాటకము ఎట్లు ముగిసినదో మరచినవారు పెక్కుమంది కలరు. ఎట్లు మొదలైనదో మరచినవారు అరుదు. మన పూర్వులు ఈ సంగతి ఎరిగియే రూపకమునకు ముందు నాందిని, నాంది పిమ్మట సూత్రధారుని మాటలతో సాగు ప్రస్తావనను విధించిరి. కథ ఎవరిది, కవి ఎవరు, ప్రదర్శన ఏ సభవారి కొరకు అను మూడు ప్రశ్నలకు బదులు అచ్చటనే లభించును. ఈ మూటిలో చివరిదే ముఖ్యమని నా అభిప్రాయము. ఈ మాట ఎవరిని ఉద్దేశించి పలుకబడుచున్నదో ప్రతి ప్రదర్శనయు తన తొలి దృశ్యముననే, తెలిసియో తెలియకయో, చెప్పివేయును. చలనచిత్రమును ఈ నియమమునకు బద్ధమైనదే. రెండు భాషల నడుమ కాపురము చేయు రాయవేలూరు, గుడియాత్తము తెలుగు కుటుంబములకు ఇది కేవలము కళాశాస్త్రమునకు చెందిన ప్రశ్న కాదు. తమ స్థానమెక్కడ అను ప్రశ్న.

ముందుగా ఈ సీమ స్వభావమును జ్ఞప్తికి తెచ్చుకొనుట యుక్తము. 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ఏర్పడువరకు చిత్తూరు, రాయవేలూరు, గుడియాత్తము ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. జిల్లా కచేరి కూడ చిత్తూరుననే ఉండెను. గుడియాత్తము ప్రక్కనుండి పారు కౌండిన్యానది పలమనేరు వైపునుండి దిగివచ్చుచున్నది. ఎల్లగీత కాగితముమీద పడినదే గాని, నీరును, పెండ్లి సంబంధములును, జాతరలును ఆ గీతను పాటింపలేదు.

ఈ సీమలో సినిమా అడుగిడకముందే తొలి దృశ్యమునకొక సంప్రదాయము కలదు. చిత్తూరు సీమ వీథినాటకమునందును, ఉత్తర ఆర్కాటు తెరుక్కూత్తునందును ముఖ్యపాత్ర ఒక్క పెట్టున రంగమునకు రాదు. ఇద్దరు మనుష్యులు ఒక గుడ్డను అడ్డముగా పట్టుకొని నిలుతురు. దాని వెనుకనుండి తొలుత గజ్జెల చప్పుడు, పిదప ప్రవేశగీతము, ఆపైన కిరీటపు కొన. తమిళ కూత్తులో కట్టియక్కారన్ అను పాత్రధారి ముందుగా వచ్చి, సభకును రానున్న రాజునకును నడుమ మధ్యవర్తియై మాటలాడును. మన కూచిపూడివారి భామాకలాపమున సత్యభామ తెరమీదుగా తన జడను ముందుకు వేయును. ముఖము కనబడకముందే ఆమె గర్వము సభ నెదుటికి వచ్చి కూర్చుండును. తెలుగు రంగస్థలమున ఇంతకు మించిన తొలి దృశ్యము లేదనిన అతిశయోక్తి కాదు.

గుడియాత్తమువారికి మరియొక నిదర్శనము ఇంటిముంగిటనే కలదు. ఏటేట మే నెల నడుమ, తమిళ వైకాసి మాసపు తొలి దినమున, గంగమ్మ శిరస్సు ఉత్సవము జరుగును. తరణంపేట ముత్యాలమ్మ గుడినుండి అమ్మవారి శిరస్సును ఊరేగించి, గోపాలపురమున ఏటి యొడ్డునగల గంగమ్మ గుడికి తెచ్చి, అచ్చటి మొండెముమీద నిలుపుదురు. రేణుకాదేవి కథ దీనికి మూలము. అటుపిమ్మట కన్ను తెరపించు సేవ. జనసముద్రము ఎండలో గంటల తరబడి కాచుకొనియుండునది ఆ కన్ను తెరచు గడియ కొరకే. ఇట్లు వేచియుండుట నేర్చిన ప్రజల నడుమకు చలనచిత్రము వచ్చినది.

దక్షిణదేశమున తొలి కథాచిత్రమును నిర్మించిన ఆర్. నటరాజ మొదలియారు రాయవేలూరున 1885లో జన్మించినవారు. మద్రాసున మోటారుకార్ల వ్యాపారము చేయుచు, స్టూవర్టు స్మిత్ అను ఆంగ్లేయునియొద్ద పూనాలో కెమెరా పని నేర్చి, పురసవాకము మిల్లర్స్ రోడ్డున స్టూడియో నెలకొల్పి, 1917-18 ప్రాంతమున 'కీచకవధ' అను మూకీ చిత్రమును తీసిరి. చిత్రీకరణకు 35 దినములు, సుమారు 6,000 అడుగుల ఫిల్ము, 35,000 రూపాయల వ్యయము పట్టెనని చరిత్రకారులు చెప్పుదురు. ఈ కథను సూచించినవారు ప్రసిద్ధ నాటకకర్త పమ్మల్ సంబంధ మొదలియారు. తొలి ప్రయత్నమునకు ఇట్టి కథ తగదని బంధుమిత్రులు కొందరు అభ్యంతరము చెప్పిరట.

ఆ అభ్యంతరము తెలుగువానికి వింతగా తోచును. తిక్కన సోమయాజి తన భారతరచనను ఆరంభించినది విరాటపర్వముతోనే గదా! వానలు కురియుటకు విరాటపర్వము చదివించుట మన ఊళ్ల ఆచారము గదా! తెలుగువారి లెక్కలో ఆ పర్వము శుభారంభమే. కాలక్రమమున తెలుగు సినిమాయు ఆ కథనే చేపట్టి, 1963లో 'నర్తనశాల'ను వెలయించినది. అందు కీచకుడైన ఎస్.వి. రంగారావు జకార్తా చలనచిత్రోత్సవమున ఉత్తమ నటుడుగా బహుమానమందెను.

నటరాజ మొదలియారు చిత్రమునకు సంభాషణలు లేవు. నడుమ నడుమ వచ్చు టైటిల్ కార్డులను తమిళము, హిందీ, ఇంగ్లీషు భాషలలో వేసిరి. అక్షరములు రానివారికొరకు ఒక వ్యాఖ్యాత తెర ప్రక్కన నిలిచి బిగ్గరగా చెప్పుట మూకీల కాలపు వాడుక. అనగా కట్టియక్కారన్ కొట్టకలోనికి కూడ వచ్చినాడన్నమాట. 'కీచకవధ' ఎట్లు మొదలైనదో చూచి చెప్పు భాగ్యము మనకు లేదు. దాని ప్రతి ఒక్కటియు మిగులలేదు. దక్షిణదేశపు తొలి సినిమాయొక్క తొలి దృశ్యమే మనకు దక్కకపోయినది. ఊరి పాతవస్తువులను, పాత కాగితములను నిర్లక్ష్యము చేయువారు ఈ నష్టమును ఒకమారు తలచుకొనుట మేలు.

టాకీలు వచ్చిన పిమ్మట భాషాప్రశ్న మరింత స్పష్టమైనది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున వచ్చిన 'కాళిదాసు' 1931 అక్టోబరు 31వ తేదీన మద్రాసు కినిమా సెంట్రల్‌లో విడుదలైనది. రీళ్ల పెట్టె రైలు దిగినపుడు జనము దాని వెంట పూలు చల్లుచు, కొబ్బరికాయలు కొట్టుచు, ధూపము వేయుచు నడచిరని చెప్పుదురు. దేవుని ఊరేగింపునకును దానికిని భేదము లేదు. తొలి తమిళ టాకీగా పేరుగన్న ఆ చిత్రమున నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళమున పలుకగా, నాయకుడు పి.జి. వెంకటేశన్ తెలుగున బదులు పలికెను, ఎల్.వి. ప్రసాద్ హిందీలో మాటలాడెను. పాటలలో త్యాగరాజ కృతులును ఉండెను. నేటివారికి అది నవ్వు పుట్టించవచ్చును. కాని ఒకే ఇంట వీథి మాట తమిళమును, వంటింటి మాట తెలుగునుగా గల మన కుటుంబములకు అందు అసహజమేమియు కనబడదు. ఆనాటి తెర అందరిని ఉద్దేశించి పలికినది.

తదుపరి ఇరువదియేండ్లలో ఆ స్థితి మారినది. ఆ మార్పునకు గుర్తుగా నిలిచిన చిత్రమునకును మూలపురుషుడు రాయవేలూరువారే కావలెనా! నేషనల్ పిక్చర్స్ అధిపతియగు పి.ఎ. పెరుమాళ్ మొదలియారు ఈ ఊరి చలనచిత్ర పంపిణీదారు. శక్తి నాటక సభవారు రాయవేలూరున ఆడిన 'నూర్జహాన్' నాటకమున స్త్రీవేషము ధరించిన గణేశన్ అను యువకుని చూచి, ఎ.వి.ఎం. సంస్థతో కలసి తీయుచున్న 'పరాశక్తి'లో అతనినే నాయకునిగా పెట్టవలెనని పట్టుబట్టిరి. ఆ పీల యువకుడు తెరకు తగడని స్టూడియోవారు సందేహించినను పెరుమాళ్ వెనుదీయలేదు. కెమెరాముందు గణేశన్ పలికిన తొలి మాట 'సక్సెస్' అను ఒక్క ఇంగ్లీషు పదము. ఆ పలుకు పలికిన చోట ఎ.వి.ఎం. స్టూడియోలో తరువాతికాలమున స్మారకము నిలిపిరి. శివాజీ గణేశన్‌గా కీర్తి గడించిన పిమ్మటను ఆయన ప్రతి సంక్రాంతికిని రాయవేలూరు వచ్చి పెరుమాళ్ ఇంట నమస్కరించి పోవుచుండెడివారు.

అయితే అది నటుని తొలి మాట. చిత్రపు తొలి దృశ్యము వేరు. 'పరాశక్తి' ద్రావిడదేశమును కొనియాడు భారతిదాసన్ గీతముతో ఆరంభమగును. కరుణానిధి సంభాషణలు వ్రాయగా, కృష్ణన్-పంజు దర్శకత్వము వహించిరి. కథానాయకుడు రంగూనునుండి చెల్లెలి పెండ్లికై మద్రాసున దిగును. దిగగనే అతని చెవిని పడునది బిచ్చగాని కేక. ఇంతకుముందు విన్న దేశస్తుతి ఆ క్షణమున ప్రశ్నగా మారును. స్తుతిని ముందు నిలిపి నిందను దాని వెనుక నడిపించు ఈ పద్ధతి మన అలంకారికులు చెప్పు వ్యాజస్తుతికి చుట్టమే. ఆరంభము లేనిచో ఆ కేకకు అంతటి పదును వచ్చియుండదు.

ఆ చిత్రము విడుదలైనది 1952 అక్టోబరు 17వ తేదీ, దీపావళినాడు. సరిగా రెండు దినముల తరువాత, అక్టోబరు 19న, అదే మద్రాసు నగరమున పొట్టి శ్రీరాములు ఆంధ్రరాష్ట్రము కొరకు నిరాహారదీక్షకు కూర్చుండిరి. డిసెంబరు 15న అమరులైరి. ఒకవంక తెర, తెలుగు తమిళ కన్నడ మలయాళములు నాలుగింటిని కలుపుకొన్న ద్రావిడదేశమును కీర్తించుచుండెను. మరియొకవంక తెలుగువారు వేరింటి కాపురము కోరుచుండిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినది. రాయవేలూరు, గుడియాత్తము మద్రాసు రాష్ట్రముననే నిలిచినవి. ఈ ఊళ్ల తెలుగువాడు ఆ గీతము వినునపుడు తాను అందు చేరినవాడా, చేరనివాడా? ద్రావిడుడన్న మాటలో అతడు కలడు. పాడిన భాషలో అతని మాతృభాష లేదు. ద్రావిడనాడు కోరిక 1963లో విడువబడినది. ప్రశ్న మాత్రము మిగిలినది.

చిత్రమేమనగా, ఆ సినిమాలో అందరి కంట నీరు పెట్టించిన చెల్లెలు కల్యాణి పాత్రను ధరించిన జూనియర్ శ్రీరంజని తెలుగు నటి. అంతకుముందే 1949లో 'గుణసుందరి కథ'తో మన ఇండ్లలో ఇంటియాడుబిడ్డయైనది. 'పరాశక్తి' 1957లో తెలుగు మాటలతోను వచ్చినది. తెర రెండు భాషలను విడదీసినను, ఆ తెరమీది మనుష్యులు విడిపోలేదు.

ఆ 1957లోనే మరియొక విధమైన తొలి దృశ్యము వచ్చినది. కె.వి. రెడ్డి తీసిన 'మాయాబజార్' చిన్నారి శశిరేఖను పెద్దలు పాటతో దీవించుటతో ఆరంభమగును. యుద్ధము లేదు, ఉపదేశము లేదు. ఇంటిలో ఒక వేడుక, అంతే. మహాభారతపు మనుష్యులు మన చావడిలోని చుట్టములవలె కనబడుదురు. ఆ ఇంటితనమే చిత్రమంతటిని నడపును. పాండవులు ఒక్కమారైనను కనబడని భారతకథ ఇది అని పలువురు గమనించిరి. ఆ లోటు చూపరికి తోచకుండుటకు తొలి దృశ్యమే కారణమని నేను తలచెదను. ఇది పిల్లల పెండ్లి కథయని మనకు మొదటనే తెలిసిపోయినది గదా! తెలుగు 'మాయాబజార్' మార్చి 27న, తమిళ 'మాయాబజార్' ఏప్రిల్ 12న విడుదలైనవి. రెంటను నాయిక సావిత్రియే, ఘటోత్కచుడు రంగారావే. అభిమన్యుడు మాత్రము తెలుగున అక్కినేని నాగేశ్వరరావు, తమిళమున జెమినీ గణేశన్. దేశము పేరుతో మొదలైన చిత్రము సభను రెండుగా చేయవచ్చును. బిడ్డకు దీవెనతో మొదలైన చిత్రము రెండు భాషలవారిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టినది.

గుడియాత్తము లుంగీలకు ప్రసిద్ధి. మగ్గమెరిగినవారికి నేను చెప్పబోవునది సులభముగా తెలియును. పడుగు ఎట్లు పరచితిమో పేక ఆ దారినే నడువవలెను. నేత సగమైన పిదప పడుగు మార్చుట కుదరదు. చిత్రమునకు తొలి దృశ్యము పడుగు. బిడ్డకు ఇంటి భాషయు అంతియే.

నేటి స్థితిని కొంచెము విచారింతము. తమిళనాడున 2006లో చేసిన చట్టము వలన 2006-07 విద్యాసంవత్సరమునుండి ఒకటవ తరగతి మొదలుకొని తమిళము తప్పనిసరి పాఠ్యాంశమై, క్రమముగా 2015-16 నాటికి పదవ తరగతి పరీక్షవరకు వచ్చినది. అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానములనాశ్రయించి కొన్ని మినహాయింపులు పొందిరి. ఉన్నచోట భాషను నేర్చుట మన ధర్మమే. మన పెద్దలు తమిళమును పరాయిదిగా ఎన్నడును తలపలేదు. కాని ఇంట తెలుగు మాటలాడు పిల్లలు పెక్కుమంది తెలుగు అక్షరములు ఎరుగకుండ పెరుగుచున్నారను మాట కాదనలేము. వారు 'మాయాబజార్' చూచి నవ్వుదురు, పాటలు పాడుదురు; చిత్రారంభమున పేర్లు వచ్చునపుడు మాత్రము మౌనముగా చూచుచుందురు. నూరేండ్లక్రిందట 'కీచకవధ' కార్డులముందు చదువురానివారు కూర్చున్నట్లే వీరును కూర్చుందురు. ఆనాడు చదివి చెప్పుటకు ప్రక్కన ఒక మనిషి ఉండెను.

ఆ మనిషి పనిని మన సంఘములు చేపట్టవలెను. సంవత్సరమునకొక పాత చిత్రమును పిల్లలకు చూపుట కష్టము కాదు. అట్లు చూపునపుడు ఆరంభమున పేర్లు వచ్చుచోట చిత్రమును కొంతసేపు నిలిపి, ఒక్కొక్క పేరును పిల్లలచేత కూడబలుక్కొని చదివింపుడు. పింగళి నాగేంద్రరావు, ఘంటసాల, మార్కస్ బార్ట్లే: ఈ మూడు పేర్లు చదువగలిగిన బిడ్డకు వర్ణమాలలో కొంత భాగము వచ్చినట్లే, కొన్ని ఒత్తులు, గుణింతములును పరిచయమగును. ఈ పనికి ఒక ఆదివారపు సాయంకాలము, ఒక తెర, అక్షరములు తెలిసిన ఒక పెద్ద చాలును.